దీవులు ఎన్ని? ముందు నీళ్లెంతో చెప్పండి

కర్నూలులో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు భూగోళం చెప్పడం నా పని. ఏ బ్యాచ్ వచ్చినా ఒక ప్రశ్న మాత్రం తప్పదు. "సార్, మన దేశంలో దీవులు 1,208 అని పెట్టాల్నా, 1,382 అని పెట్టాల్నా?" ఒక గైడులో ఒకటుంటుంది, ఇంకో గైడులో ఇంకోటి. రెండంకెలూ ఒకే పుస్తకంలో వేర్వేరు పేజీల్లో ఉండటం కూడా చూశాను. పాత లెక్క 1,208. సర్వే ఆఫ్ ఇండియా మళ్లీ లెక్క చూశాక ప్రభుత్వ కాగితాల్లోకి వచ్చింది 1,382. కొత్తది పెట్టండప్పా అని చెప్పి తర్వాతి పాఠానికి పోవచ్చు. మొన్న అట్లే పోబోతుంటే చివరి బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది: "మరి ఆ 174 దీవులు యాణ్ణుంచి వచ్చినాయి సార్?"

సముద్రం రాత్రికి రాత్రి 174 దీవుల్ని కనలేదు. లెక్క పెట్టే పద్ధతి మారింది. అయితే ఆ పిల్ల అడిగిన దాంట్లో ఇంకో ప్రశ్న దాగి ఉంది. అసలు దేన్ని దీవి అనాలి? అది తేలకుండా ఎన్ని అన్నది తేలదు.

సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాల్సిన ఊరు మాది. అందుకని దీవి పాఠానికి నేను బోర్డు మీద బొమ్మ గీయను. సంగమేశ్వరం పోయినారా అని అడుగుతాను. సగం చేతులు లేస్తాయి. ఏడు నదులు కలిసే చోటని పేరున్న ఆ గుడి, శ్రీశైలం డ్యాం కట్టినప్పటి నుంచి ఏడాదిలో ఎక్కువ నెలలు కృష్ణమ్మ కడుపులోనే ఉంటుంది. జలాశయం 885 అడుగులకు నిండితే గుడి ఆనవాలు కూడా తెలియదు. ఎండాకాలంలో నీళ్లు తగ్గేకొద్దీ ముందు శిఖరం, తర్వాత గోడలు, ఆఖరుకు మెట్లు. మధ్యలో కొన్నాళ్లు గుడి నాలుగు పక్కలా నీళ్లే, పడవ మీద పోవాల్సిందే. ఇంకొన్నాళ్లు ఆగితే చెప్పులు చేత పట్టుకుని బురదలో నడిచిపోవచ్చు. ఒకే చోటు, ఒకే ఏడాది: ఒక నెలలో నీటి అడుగు, ఒక నెలలో దీవి, ఒక నెలలో ఒడ్డు. నేల జానెడు కూడా కదల్లేదు. కదిలినవి నీళ్లు.

దేశమంతటి తీరానికీ ఇదే జరిగింది, కాకపోతే నెలల్లో కాదు, వేల ఏళ్లలో. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం ముదిరిన కాలంలో భూమి మీది నీళ్లలో ఇప్పటికంటే ఎక్కువ భాగం ధ్రువాల దగ్గర మంచు దుప్పట్లుగా పేరుకుని ఉండేది. సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కింద ఉండేది. రామేశ్వరం అప్పుడు దీవి కాదు, శ్రీలంక కూడా కాదు. మధ్యలో ఉన్నదంతా నేలే. మంచు కరిగి సముద్రం పైకెక్కుతూ వచ్చింది. ఇంచుమించు 7,000 ఏళ్ల కిందటికి ఇప్పటి మట్టానికి దగ్గరగా నిలబడింది. ఆ ఎక్కుడులో పల్లం మునిగింది, గుట్ట తేలింది. ముంబయి రేవులో గుహాలయాలున్న ఎలిఫెంటా, కర్ణాటక తీరంలో నేత్రాణి, కార్వార్ ఎదురుగా అంజదీవ్ లాంటి రాతి దీవులను చూసినప్పుడు గుత్తి కొండ చుట్టూ నీళ్లు పెట్టినట్టు ఊహించుకోండి, చాలు. మైదానం మధ్య ఒంటరిగా లేచి నిలబడే గుత్తి, రాయదుర్గం లాంటి రాతికొండలకు భూగోళ శాస్త్రంలో ఉన్న పేరు ఇన్‌సెల్‌బర్గ్. జర్మన్ మాట. దీవికొండ అని దాని అర్థం. చుక్క నీళ్లు లేని సీమలో కొండలకు దీవుల పేరు పెట్టినాయనకు నా నమస్కారం.

సంస్కృతం వాళ్లు దీన్ని ఇంకా ముందే పట్టుకున్నారు. ద్వీపం అంటే రెండు వైపులా నీళ్లున్నది. ద్వి అంటే రెండు, అప్పు అంటే నీళ్లు, ఆ రెండూ కలిసిన మాట. నాలుగు వైపులా అనలేదు, గమనించండి. ఆ రెండు వైపుల నిర్వచనం నదీ ముఖాల దగ్గర బాగా అతుకుతుంది. కృష్ణ పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట రెండు పాయల మధ్య నేల దివిసీమ. గోదావరి వాళ్లకు లంకలున్నాయి, తిప్పలనే ఇసుక దిబ్బలున్నాయి. లంక అంటే మనకు రావణుడి ఊరే గుర్తుకొస్తుంది గానీ, కోనసీమలో అది ఏటి మధ్య కొబ్బరితోట. గుజరాతీలకు బేట్. ద్వారక దగ్గర బేట్ ద్వారక ఉంది. ధోలావీరా తవ్వకాలు జరిగిన ఖదీర్ బేట్ రణ్ ఆఫ్ కచ్ మధ్యలో ఉంది. వానాకాలంలో దాని చుట్టూ నీళ్లు నిలుస్తాయి, ఎండాకాలంలో తెల్లటి ఉప్పు పర్ర పరుచుకుంటుంది. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే దీవి. దాన్ని లెక్కలో వేయాలా, తీసేయాలా?

ఇట్లాంటి పేచీలకు అంతర్జాతీయ చట్టంలో ఒక గీటురాయి ఉంది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ఒప్పందం, 121వ అధికరణం. సహజంగా ఏర్పడిన నేల అయి ఉండాలి, చుట్టూ నీళ్లుండాలి, పోటు వచ్చినప్పుడు కూడా నీటిపైన కనిపించాలి. మూడే షరతులు. ఆటు సమయంలో బయటపడి పోటులో మునిగే దిబ్బ దీవి కాదు. సముద్రంలోంచి తవ్విన ఇసుక పోసి 1930లలో కొచ్చి రేవులో మనుషులు కట్టిన విల్లింగ్డన్ దీవి, పేరులో దీవి ఉన్నా ఈ గీటు దగ్గర ఆగిపోతుంది. అదే కొచ్చిలో పక్కనే ఉన్న వైపిన్ మాత్రం నెగ్గుతుంది. 1341లో పెరియార్‌కు వచ్చిన పెద్ద వరదతో అది రూపు కట్టిందని కేరళలో చెప్పుకుంటారు.

అధికరణం అక్కడితో ఆగలేదు. మనుషులు బతకడానికీ, సొంత ఆర్థిక జీవనానికీ వీలు లేని బండలకు 200 నాటికల్ మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలి, అంటే చేపలూ చమురూ ఆ దేశానికే చెందే సముద్రపు మేర, ఉండదని కూడా చెప్పింది. పిల్లలు ఈ వాక్యాన్ని బట్టీ పడతారు, దాని బరువు మాత్రం పట్టించుకోరు. నడిసముద్రంలో చుట్టుపక్కల ఇంకేమీ లేని ఒక్క దీవికి 200 నాటికల్ మైళ్లు, అంటే 370 కిలోమీటర్ల వ్యాసార్థంతో వలయం గీయండి. సుమారు 4,31,000 చదరపు కిలోమీటర్లు వస్తుంది. మన ఆంధ్రప్రదేశ్ లాంటివి రెండున్నర పడతాయి. ఆ చేపలు, ఆ అడుగున ఉన్న చమురు ఎవరివన్నది, ఆ ముక్క దీవా బండా అన్న మాట మీద ఆధారపడుతుంది. జపాన్ తన ఒకినోటోరిషిమాలోని రెండు చిన్న రాళ్లు అలలకు అరిగిపోకుండా చుట్టూ కాంక్రీటు కట్టుకుంది ఇందుకే. చైనా, కొరియా మాత్రం అది దీవి కాదు పో అంటున్నాయి.

లెక్క పద్ధతి ఎంత తేడా తెస్తుందో చూడాలన్నా జపానే మేలు. 1987లో వాళ్ల తీర రక్షక దళం లెక్క 6,852 దీవులు. 2023లో డిజిటల్ పటాల మీద మళ్లీ చూసి, చుట్టుకొలత 100 మీటర్లు దాటినవాటినే తీసుకుంటే 14,125 తేలాయి. రెట్టింపుకు పైన. దేశం అంగుళం పెరగలేదు.

మన తీరరేఖదీ అదే కథ. 7,516.6 కిలోమీటర్లని మా తరం మొత్తం నేర్చుకుని, తర్వాతి తరానికి నేర్పింది. ఇప్పుడు అధికారిక లెక్క 11,098.81 కిలోమీటర్లు. పాత కొలత 1970ల నాటి చిన్న స్కేలు పటం మీదిది. కొత్తది ఇంకా దగ్గరగా చూసే నౌకా పటాల మీదిది. తుంగభద్ర గట్టును అంగలేసి కొలిచినవాడికి ఒక అంకె వస్తుంది, ప్రతి మలుపులోనూ తాడు పెట్టి కొలిచినవాడికి ఇంకో అంకె వస్తుంది. ఇద్దరూ అబద్ధమాడలేదు. ఆంధ్రప్రదేశ్ తీరం 973.7 నుంచి 1,053 కిలోమీటర్లకు మాత్రమే పెరిగింది, ఎందుకంటే మనది చాలావరకు సాఫీ గీత. పశ్చిమ బెంగాల్‌ది 157 నుంచి 721కి దూకింది. ఆ రాష్ట్రపు తీరమంతా పాయలు, దీవులు, బురద. ఎక్కడ చీలికలు ఎక్కువో అక్కడ తాడు ఎక్కువ పడుతుంది.

ఇక దీవులు పుట్టే తీరు. గైడుల్లో ఈ వర్గీకరణ అండమాన్, లక్షద్వీప్‌లతో మొదలై అక్కడే అయిపోతుంది. అండమాన్ అంటే మయన్మార్ కొండల వరస సముద్రంలోకి దిగి మళ్లీ తలెత్తిన శిఖరాలు, లక్షద్వీప్ అంటే పగడాలు. ఇవి అందరికీ తెలిసినవే. ఒడ్డుకు ఆనుకుని ఉన్న దీవుల సంగతే ఎవరూ సరిగా చెప్పరు. వాటిలో రాతి దీవులు ఓపికగలవి. ఉడుపి దగ్గర మాల్పే ఎదురుగా ఉన్న సెయింట్ మేరీస్ దీవుల్లో లావా చల్లారుతూ పలకలు పలకలుగా స్తంభాలై నిలబడింది. మడగాస్కర్ మన భూభాగం నుంచి విడిపోయిన కాలం నాటిది, దాదాపు 8.8 కోట్ల ఏళ్లు. అయినా మన గుత్తి గుట్టల రాయితో పోలిస్తే అది నిన్నటి పిల్లే. మన రాళ్ల వయసు 250 కోట్ల ఏళ్ల పైమాట.

ఇసుక దీవులకూ బురద దీవులకూ ఆ నిలకడ లేదు. అవన్నీ సముద్రం ఒక మట్టానికి వచ్చి నిలబడ్డాక, అంటే ఈ ఏడు వేల ఏళ్లలో పుట్టినవి. కొన్నింటి వయసు మన తాతముత్తాతల వయసే.

శ్రీహరికోటను తీసుకోండి. రాకెట్ ఎగిరిన ప్రతిసారీ టీవీలో చూస్తాం, అది దీవని చాలామందికి తట్టదు. తీరం వాలు తక్కువగా ఉన్నచోట అలలు ఒడ్డుదాకా రాకముందే విరిగి, తెచ్చిన ఇసుకను ఒడ్డుకు సమాంతరంగా కట్టలాగా పోస్తాయి. కట్ట వెనక చిక్కుకున్న నీళ్లు సరస్సవుతాయి. ముందున్న కట్ట శ్రీహరికోట, వెనకున్న సరస్సు పులికాట్. సూళ్లూరుపేట నుంచి పోయే రోడ్డు ఆ సరస్సును కోసుకుంటూ పోతుంది. 1969లో రాకెట్ల కోసం దీన్ని ఎంచుకోవడానికి దీవి కావడమే ఒక కారణం. తూర్పున ఖాళీ సముద్రం, చుట్టూ నీళ్లు, జనం తక్కువ. తూర్పుకు ఎగరేస్తే భూమి తిరుగుడు కూడా తోడవుతుంది. సుమారు 175 చదరపు కిలోమీటర్లు. ఈ అంకెను గుర్తు పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ ఇంకా చిత్రం. గోదావరి తెచ్చిన ఇసుకను తీరం వెంబడి ఉత్తరానికి నడిచే ప్రవాహం లాక్కుపోయి, దాదాపు 16 కిలోమీటర్ల పొడవున వేలు చాపినట్టు పరిచింది. రెండు వందల ఏళ్ల సంగతి ఇది. ఆ వేలే ఇప్పుడు కాకినాడ రేవుకు అలలు తగలకుండా అడ్డుగోడ. నిజానికి ఇట్లాంటిదాన్ని ఇసుక నాలుక అనాలి. ఒక కొస నేలకు తగులుకుని పుట్టినది. జనం దీవి అన్నారు, పటం కూడా దీవి అంది. ఇట్లాంటివి దేశంలో ఇంకెన్నో! 1,208కీ 1,382కీ మధ్య తేడా ఎట్లా వస్తుందో దీన్ని చూస్తే కొంత అర్థమవుతుంది.

బురద దీవుల్లో అన్నింటికంటే పెద్ద గుంపు సుందర్బన్స్. మన వైపు 102 దీవులు, వాటిలో 54 చోట్ల జనం ఉన్నారు. మిగతావి మడ అడవి, పులులు. జనం ఉన్న దీవుల చుట్టూ బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ మట్టి కట్టలు పోశారు. ఉప్పునీళ్లు లోపలికి రాకుండా వరి పండించుకోవాలని. ఇక్కడే ఒక మెలిక పడింది. పోటు నీళ్లు రోజుకు రెండుసార్లు పొర్లి, ఒండ్రు పొర వదిలిపోతేనే ఆ నేల ఎత్తు పెరుగుతుంది. కట్ట వేశాక ఒండ్రు లోపలికి రాదు, ఏట్లోనే పేరుకుని ఏటి అడుగు పైకి లేస్తుంది. కొన్నాళ్లకు ఊరు కింద, పోటు నీళ్లు పైన. కట్ట తెగితే ఏమవుతుందో 2009లో ఐలా తుఫానప్పుడు చూశారు. అక్కడికి దగ్గర్లో లోహాచరా అనే జనం ఉన్న దీవి పూర్తిగా కరిగిపోయింది, ఘొరామారా సగానికి పైగా పోయింది.

ఇంకోటి న్యూ మూర్. 1970 నాటి భోలా తుఫాను తర్వాత హరియాభంగా నది ముఖాన కొత్తగా తేలిన ఇసుక దిబ్బ. మనం న్యూ మూర్ అన్నాం, బంగ్లాదేశ్ దక్షిణ తల్‌పట్టి అంది. ఎవరిదన్న తగవు దశాబ్దాల పాటు నడిచింది. 2010 నాటికి సముద్రం దాన్ని తీసేసుకుంది. రెండు దేశాల సముద్ర సరిహద్దు మీద 2014లో తీర్పు వచ్చేసరికి తగవు పెట్టిన నేలే లేదు.

పగడాల దగ్గర తప్పు పూర్తిగా మనుషులది. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా మన్నార్ సింధుశాఖలో 21 చిన్న దీవులు దండలాగా ఉండేవి. సున్నం కోసం ఏళ్ల తరబడి వాటి చుట్టూ పగడపు రాయిని తవ్వారు. అల వేగాన్ని విరిచే గోడ పోయింది. రెండు దీవులు మునిగిపోయాయి, వాన్ దీవి పదెకరాల లోపుకు చిక్కిపోతే చుట్టూ కృత్రిమ దిబ్బలు వేసి కాపాడే పనిలో పడ్డారు. ముంబయిలో లెక్క ఇంకో దారిలో తగ్గింది. ఏడు దీవుల మధ్య సముద్రాన్ని రాళ్లతో, మట్టితో పూడ్చుకుంటూ పోయి 19వ శతాబ్దం నాటికి ఒకటే చేశారు. ఏడు తీసేసి ఒకటి వేసుకోండి.

ఇంతవరకూ చెప్పాక నేను మళ్లీ శ్రీశైలం దగ్గరికే వస్తాను. డెల్టా దీవి నిలబడాలంటే నది ఏటేటా ఒండ్రు మోసుకుపోయి పోస్తూ ఉండాలి. సముద్రం తినేది తింటూనే ఉంటుంది, నది పెట్టేది పెడుతూ ఉండాలి. మరి మన నది పెట్టేది ఎక్కడ ఆగింది? డ్యాములో. సీమలో దీన్ని పూడిక అంటారు. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 106కు కాస్త తక్కువ. మా కాలువలకు రావాల్సిన నీళ్లలో కోత పడిందని ప్రతి ఏడూ తగవుపడేది ఈ 27 టీఎంసీల గురించే. శ్రీశైలం మొదట్లో 308 టీఎంసీలు, ఇప్పుడు అదే 885 అడుగుల దగ్గర 215.8. అంటే 92 టీఎంసీల జాగాను మట్టి ఆక్రమించింది.

ఒకరోజు క్లాసులో సరదాగా లెక్క వేశాం. 92 టీఎంసీలంటే సుమారు 260 కోట్ల ఘనపు మీటర్లు. దాన్ని 175 చదరపు కిలోమీటర్ల మీద పరిస్తే? దాదాపు 15 మీటర్ల మందం. శ్రీహరికోట అంత దీవిని, నాలుగైదు అంతస్తుల మేడంత ఎత్తున కట్టేంత మట్టి నల్లమల కొండల మధ్య కూర్చుని ఉంది. లెక్క మొరటుదే. అందులో చాలా భాగం సన్న బంకమట్టి, సముద్రం దాకా పోయినా అంతా ఒక్కచోట నిలవదు. కొలిచే పద్ధతి మారినందువల్ల కూడా అంకెల్లో కొంత తేడా వస్తుంది. అయినా కృష్ణా గోదావరి డెల్టాల అంచులు చాలాచోట్ల వెనక్కి జరుగుతున్నాయంటే, కారణాల్లో ఈ పూడిక ముందు వరసలో ఉంది. మడ అడవి పలచబడిన చోట కోత ఇంకా వేగం. 1977 నవంబర్ 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు పదివేల మందికి పైగా పోయారు. అటువంటి తీరానికి ముందు నాలుగు అడుగుల దిబ్బ ఎక్కువున్నా, తక్కువున్నా తేడా చిన్నది కాదు.

మా వాళ్లకు ఇది కొత్తగా తోస్తుంది. మాకు నీళ్లు రాలేదనేదే మేము ఎప్పుడూ పాడే పాట. కింది వాళ్లకు మట్టి రాలేదన్నది ఎవరూ అనుకోరు. కర్నూలు, బళ్లారి, రాయచూరు చేలల్లోంచి వానకు కొట్టుకుపోయిన మట్టి వెళ్లాల్సిన చిరునామా దివిసీమ. మధ్యలో రెండు మూడు చోట్ల దిగిపోయింది.

ఆ పిల్లకు ఏం చెప్పానంటే, పరీక్షలో 1,382 పెట్టమ్మా అన్నాను. "మరి పోటు ఎక్కువైతే తగ్గుతుందా సార్?" అంది. తగ్గుతుంది. భూకంపం వస్తే కూడా మారుతుంది. 2004 డిసెంబర్‌లో నికోబార్ దక్షిణపు కొసన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి లైట్‌హౌస్ మొదలు నీళ్లలో నిలిచింది, అదే రోజు ఉత్తర అండమాన్‌లో పగడపు దిబ్బలు నీటిపైకి లేచాయి. ఒకే దీవుల వరసలో ఒక కొస మునిగింది, ఒక కొస తేలింది.

ఈసారి ఎండాకాలం బ్యాచ్ మొత్తాన్ని సంగమేశ్వరం పిల్చుకపోతానని మాటిచ్చాను. గుడి బయటపడిన మొదటి రోజుల్లో పోవాలి. అప్పుడు దర్శనం కంటే ముందు జరిగే పని వేరే ఉంటుంది. నెలల తరబడి లోపల పేరుకున్న ఒండ్రును పారలతో ఎత్తి, బిందెలతో నీళ్లు పోసి కడగడం. ఒక పిడికెడు చేతిలోకి తీసుకుని చూడమని చెప్తాను. బంకలాగా, నల్లగా, వేళ్లకు అంటుకుంటుంది.